వోల్టేజీ పెంచమని అడిగేవాళ్ళకి

ఈ మధ్య నాకు వచ్చే మెసేజిల్లో సగం ఒకే రకం. "అన్నా, సెకండ్ హ్యాండ్ పీసీ కొన్నా, బయోస్ లో వోల్టేజీ ఎంత పెడితే స్పీడ్ పెరుగుద్ది?" ఒక్కొక్కరికీ విడివిడిగా రాయడం నా వల్ల కావట్లేదు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకునేసరికే తెల్లారిపోతోంది. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. పొడుగుంటుంది, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. వోల్టేజీ అనగానే మనకి గోడలో ఉండే కరెంటు గుర్తొస్తది. ఇండియాలోనూ 230 వోల్టులే, ఇక్కడా 230 వోల్టులే, రెండు చోట్లా 50 హెర్ట్జే. నేను చెప్పేది ఆ వోల్టేజీ కాదు. గోడలోంచి వచ్చిన 230 ని పీసీలో పవర్ సప్లై డబ్బా 12 వోల్టుల డీసీగా మారుస్తుంది. దాన్ని మదర్ బోర్డు మీద ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న చిన్న రెగ్యులేటర్లు ఇంకా తగ్గించి, ఒక వోల్టు పైచిలుకుగా చేసి చిప్పుకి ఇస్తాయి. 1.2 వోల్టులంటే టార్చ్ లైట్ సెల్లు కంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ చిప్పు 120 వాట్లు తింటోందనుకోండి, 1.2 వోల్టుల దగ్గర అది 100 ఆంపియర్లు. మన కిచెన్ లో కెటిల్ 3 కిలోవాట్లది అయినా గోడలోంచి లాగేది 13 ఆంపియర్లే. గోరంత చిప్పులోకి అంత కరెంటు పోతోంది. అందుకే అక్కడ 0.1 వోల్టు తేడా కూడా చిన్న విషయం కాదు.

మనలో వ్యవసాయం చేసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఇంకో అనుమానం వస్తది. ఊళ్ళో ఎండాకాలం లో-వోల్టేజీ వస్తే బోరు మోటర్లు కాలిపోయేవి, వైండింగ్ కి వేలకి వేలు తగలేసేవాళ్ళం. మరి వోల్టేజీ ఎక్కువుంటే మంచిదే కదా అని. మోటరు సంగతి వేరు. నీళ్ళ బరువు తగ్గదు కాబట్టి, వోల్టేజీ పడిపోతే ఆ పని లాగడానికి మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికి కాలుద్ది. చిప్పు అలా కాదు. చిప్పుకి వోల్టేజీ తగ్గితే తప్పులు చేస్తుంది లేదా ఆగిపోతుంది. ఎక్కువైతేనే వేడెక్కి అరిగిపోతుంది. మన ఊరి లెక్క ఇక్కడ తిరగేసి చదువుకోవాలి.

ఇంతకీ వోల్టేజీ పెంచితే స్పీడ్ ఎందుకు పెరుగుద్ది? వోల్టేజీ స్పీడ్ ఇవ్వదు. స్పీడ్ అంటే క్లాక్, సెకనుకి ఎన్ని కోట్ల సార్లు చిప్పు అడుగేస్తుందో ఆ లెక్క. అడుగులు వేగం చేస్తే, లోపలి ట్రాన్సిస్టర్లు ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్యలో సున్నా నుంచి ఒకటికి మారడానికి టైం చాలదు. వోల్టేజీ పెంచితే అవి తొందరగా మారతాయి, అంతే. దీనికి కట్టాల్సిన రేటు మాత్రం ఎక్కువ. చిప్పు తినే కరెంటు క్లాక్ ని బట్టి మామూలుగా పెరుగుద్ది, వోల్టేజీని బట్టి వర్గం లెక్కన పెరుగుద్ది. క్లాక్ 10 శాతం పెంచడానికి వోల్టేజీ 15 శాతం పెంచారనుకోండి. 1.10 ని 1.15 తో రెండుసార్లు గుణించండి, 1.45 వస్తది. 10 శాతం స్పీడ్ కి 45 శాతం ఎక్కువ కరెంటు, 45 శాతం ఎక్కువ వేడి. వడ్డీ వ్యాపారి కూడా ఇంత వేయడు.

ఒకప్పుడు ఈ బేరం లాభంగానే ఉండేది. నేను 2001 లో సికింద్రాబాద్ పార్క్ లేన్ లో, సీటీసీ అని అందరం పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లో, ఒక అసెంబ్లింగ్ షాపులో పనిచేశా. అప్పటికి ఇంటెల్ సెలెరాన్ 300ఎ గురించి సీనియర్లు కథలు కథలుగా చెప్పేవాళ్ళు. 1998 లో వచ్చిన చిప్పు అది. బోర్డు బస్ ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్ కి మారిస్తే చాలు, 300 చిప్పు 450 దగ్గర నడిచేది. బోర్డు ఒప్పుకోకపోతే, చిప్పు కార్డు అంచున ఒక పిన్ను మీద చిన్న టేపు ముక్క అంటించేవాళ్ళు. కొన్ని పిన్నులకి టేపు వేస్తే వోల్టేజీ కూడా మారేది. తక్కువ రేటు చిప్పు కొని, పై రేటు చిప్పు పని చేయించుకోవడం అన్నమాట.

నా కాలానికి ఎఎండి డ్యూరాన్, అథ్లాన్ వచ్చాయి. వాటికి పెన్సిల్ వైద్యం. చిప్పు పైన ఎల్1 అని వరసగా సన్నటి గీతలు ఉండేవి. ఫ్యాక్టరీలో వాటిని లేజర్ తో కోసి చిప్పు స్పీడ్ కి తాళం వేసేవాళ్ళు. మెత్తటి పెన్సిల్ తో ఆ తెగిన చోట గీస్తే, పెన్సిల్ లో ఉండే గ్రాఫైట్ కరెంటుని దాటిస్తుంది కాబట్టి తాళం ఊడిపోయేది. ఎల్7 అనే ఇంకో వరస మార్చితే వోల్టేజీ మారేది. మా కౌంటర్ మీద స్క్రూ డ్రైవర్ పక్కనే పెన్సిల్, రబ్బరు కూడా ఉండేవి. 600 మెగాహెర్ట్జ్ డ్యూరాన్ ని 900 దాకా తీసుకెళ్ళేవాళ్ళు చాలామంది. 2001 చివర్లో అథ్లాన్ ఎక్స్‌పీ వచ్చాక ఆ గీతల మధ్య లేజర్ తో గుంటలు పడి ఉండేవి, ఉత్త పెన్సిల్ పనిచేయడం మానేసింది.

గ్రాఫిక్స్ కార్డులకి వోల్ట్ మోడ్ అని ఇంకో పని ఉండేది. అదెలా పనిచేస్తుందో చెప్తా, ఎందుకంటే ఇప్పటికీ వీడియోల్లో ఇదే చూపిస్తున్నారు. మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉంది, మోటరు ఆపడానికి ఫ్లోట్ బంతి ఉంది. నీళ్ళు నిండితే బంతి పైకి లేస్తుంది, మోటరు ఆగుద్ది. ఆ బంతికి ఒక రాయి కట్టామనుకోండి. నీళ్ళు నిండినా అది సరిగ్గా లేవదు, నిండలేదేమో అని మోటరు ఇంకా తోడుతూనే ఉంటది. కార్డు మీద రెగ్యులేటర్ కి కూడా అలాంటి ఫీడ్ బ్యాక్ కాలు ఒకటి ఉంటుంది. బయటికి పోతున్న వోల్టేజీ ఎంతో అది చూస్తూ ఉంటది. ఆ కాలుకీ గ్రౌండ్ కీ మధ్య ఒక తిప్పుడు రెసిస్టర్ సోల్డర్ చేస్తే, రెగ్యులేటర్ కి అసలు కంటే తక్కువ వోల్టేజీ కనపడుద్ది. తక్కువైందనుకుని ఇంకా పెంచుద్ది. అంటే ఇది కాపలావాడి కళ్ళకి గంతలు కట్టడమే. బయోస్ లో అంకె మార్చితే వెనక్కి రావచ్చు, దీన్లో చెయ్యి వణికి రెసిస్టర్ కొంచెం ఎక్కువ తిరిగితే వెనక్కి రావడం ఉండదు.

ఆ రోజుల్లో ఎందుకు చేశామంటే లాభం పెద్దది. 300 చిప్పు 450 అవ్వడమంటే 50 శాతం. రిస్కూ పెద్దదే. అప్పటి డ్యూరాన్లకి లోపల వేడి చూసుకునే ఏర్పాటే లేదు, హీట్ సింక్ సరిగ్గా కూర్చోకపోతే కొన్ని సెకన్లలో మాడిపోయేవి. అయినా జనం ఒప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ 50 శాతం ఎక్కడా లేదు. కంపెనీలే ప్రతి చిప్పునీ పరీక్షించి, టర్బో అని పేరు పెట్టి, దాదాపు చివరి దాకా తోసేసి అమ్ముతున్నాయి. పెరట్లో మిగిలిన జాగాలో వాళ్ళే గది కట్టేశారు, మనకి మిగిలింది చూరు కింద జానెడు స్థలం.

కంపెనీలు కూడా ఒక్కోసారి ఆ హద్దు దాటి దెబ్బ తిన్నాయి. 2023 ఏప్రిల్ లో ఎఎండి రైజెన్ 7000 ఎక్స్3డి చిప్పులు కొన్ని సాకెట్ లోనే కాలి, ఉబ్బిపోయిన ఫోటోలు బయటికొచ్చాయి. బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీ ఎక్కువ ఇస్తున్నాయని తేలి, దాన్ని 1.3 వోల్టులు దాటనివ్వకుండా ఎఎండి కొత్త ఫర్మ్ వేర్ ఇప్పించింది. 2024 లో ఇంటెల్ 13, 14 తరం డెస్క్ టాప్ చిప్పుల గొడవ అందరికీ తెలిసిందే. గేములు ఆడుతుంటే వీడియో మెమరీ చాలట్లేదని ఎర్రర్ వచ్చి ఆగిపోయేవి, తీరా చూస్తే తప్పు గ్రాఫిక్స్ కార్డుది కాదు, ప్రాసెసర్ ది. చిప్పు తనకి కావాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ అడుగుతోందని జులైలో ఇంటెల్ చెప్పింది. ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ ఆ అడిగేదాన్ని 1.55 వోల్టుల దగ్గర ఆపింది. వారంటీ కూడా రెండేళ్ళు పెంచారు. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్పుని ఏ అప్‌డేట్ బాగుచేయలేదు. ఆ తరం ఐ7, ఐ9 సెకండ్ హ్యాండ్ లో చవగ్గా కనపడితే తొందరపడకండి. బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేశారో, వారంటీ ఎవరి పేరున ఉందో అడగండి.

ఈ అరుగుదల ఏంటో చెప్పాలంటే మా ఇంటి తమ్ముడి సంగతి చెప్పాలి. మాది బర్లీ వైపు పాత టెర్రస్ ఇల్లు, పై గదిలో మాస్టర్స్ చదివే తమ్ముడు ఒకడు ఉండేవాడు. 2024 ఎండాకాలం, డిసర్టేషన్ టైం. 350 పౌండ్లు పెట్టి పాత పీసీ కొన్నాడు. అప్పుడు కనీస వేతనం గంటకి 11 పౌండ్ల 44 పెన్నీలు, అంటే ఆ పీసీ అతనికి 31 గంటల నిలబడి చేసే పని. లోపల ఐ7 8700కె చిప్పు, మంచిదే. మోడల్ ట్రైనింగ్ పెడితే 11 గంటలు నడవాలి. వీడు పెట్టి షిఫ్ట్ కి పోయేవాడు, వచ్చేసరికి మూడింట్లో ఒకసారి స్క్రీన్ నీలంగా ఉండేది. అది సరే. అంతకంటే భయపెట్టేది ఇంకోటి. ఒకే జిప్ ఫైలు ఒకసారి విప్పితే ఎర్రర్, ఇంకోసారి విప్పితే బాగానే వచ్చేది. ఒకే కోడ్, ఒకే డేటా, రెండుసార్లు నడిపితే రెండు రకాల అంకెలు. సూపర్‌వైజర్ "ఈ రిజల్ట్ మళ్ళీ నడిపి చూపించు" అన్నాక వీడికి నిద్ర పట్టలేదు.

నా దగ్గరికి వచ్చి, "అన్నా, వీడియోలో చూశా, 1.42 ఉంది, 1.48 చేస్తే నిలబడుతుందంట, చేసి పెట్టవా" అన్నాడు. బయోస్ తెరిచి చూస్తే విషయం తెలిసింది. అంతకుముందు వాడినాయన చిప్పుని 5 గిగాహెర్ట్జ్ కి తోసి, 1.42 వోల్టులు కట్టేసి, అలాగే ఏళ్ళ తరబడి నడిపి అమ్మేశాడు. అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పలేదు.

ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి, ఎక్కువ కరెంటు, ఇవి కలిస్తే చిప్పు లోపలి రాగి తీగల్లో అణువులే మెల్లగా జరిగిపోతాయి. ఏటి ప్రవాహానికి గట్టు ఒరుసుకుపోయినట్టు. ట్రాన్సిస్టర్లు కూడా ముసలివైపోతాయి, ముందు 1.35 కి చేసిన పనికి 1.42 అడుగుతాయి. 1.42 కీ చాలదు అంటే దానర్థం ఇంకా పెంచమని కాదు, అరిగిపోయిందని. 1.48 ఇస్తే కొన్నాళ్ళు నిలబడేదేమో, ఆ కొన్నాళ్ళూ ఇంకా తొందరగా అరిగేది. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు. మన బాధలో అదెలా ఉంటదో ఇక్కడున్న వాళ్ళలో చాలామందికి చెప్పక్కర్లేదు.

"పెంచనురా, తగ్గిస్తా" అన్నా. వాడి మొహం వాడిపోయింది. "ఇంకా స్లో అయిపోద్ది కదన్నా, ఐదు వారాలే ఉంది" అన్నాడు. కాగితం తీసి లెక్క వేశాం. 5 నుంచి 4.3 గిగాహెర్ట్జ్ కి తగ్గితే 11 గంటల పని దాదాపు 12 గంటల 45 నిమిషాలు అవుద్ది. కానీ ప్రతిసారీ పూర్తవుద్ది. ఇప్పుడు మూడింట్లో ఒకటి ఆగిపోతోంది, ఆగిన దానికి పోసిన గంటలన్నీ మట్టిలో పోసినట్టే. పైగా పూర్తయిన వాటిని కూడా నమ్మలేం. సగంలో ఆగే వేగం కంటే చివరిదాకా వెళ్ళే నిదానం ముందు చేరుకుంటది.

4.3 దగ్గర పెట్టి వోల్టేజీ 1.2 కి తెచ్చాం. ఒక రాత్రంతా పరీక్ష పెట్టాం, ఒక్క తప్పు రాలేదు. ప్లగ్ కి పెట్టే వాట్ మీటర్ నా దగ్గర ఉంది. ముందు ఫుల్ లోడ్ లో గోడ దగ్గర 310 వాట్లు చూపించింది, తర్వాత 235. ఒక్కో ట్రైనింగ్ కి ముందు 3.4 యూనిట్లు, ఇప్పుడు ఎక్కువసేపు నడిచినా 3 యూనిట్లే. ఆ రోజుల్లో యూనిట్ 22 పెన్నీల చిల్లర. 2022 అక్టోబర్ నుంచి మొదటి చలికాలం 34 పెన్నీలు కట్టినవాళ్ళకి, కార్నర్ షాపుకి కీ పట్టుకెళ్ళి మీటర్ టాప్ అప్ చేసుకున్నవాళ్ళకి ఆ అర యూనిట్ విలువ తెలుసు. ఫ్యాన్ గోల కూడా తగ్గి, పక్క గదిలో నైట్ చేసి పగలు పడుకునేవాడికి నిద్ర దొరికింది. ఆ పడుకునేవాణ్ణి నేనే.

పాత రిజల్ట్స్ అన్నీ పక్కనపెట్టి తొమ్మిది రోజుల్లో మళ్ళీ నడిపాడు. పాత అంకెల్లో రెండు తేడాగా వచ్చాయి. వాటినే నమ్ముకుని రాసుంటే వైవాలో నిలబడేవాడు కాదు. ఆగస్టు చివర్లో సబ్మిట్ చేశాడు.

అలాగని వోల్టేజీ తగ్గించడంలో రిస్క్ లేదనుకోకండి. 2019 డిసెంబర్ లో మనకి దగ్గర్లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళు, బెల్జియం, ఆస్ట్రియా వాళ్ళతో కలిసి ప్లండర్‌వోల్ట్ అని ఒకటి బయటపెట్టారు. ఇంటెల్ చిప్పు వోల్టేజీని సాఫ్ట్‌వేర్ తో క్షణకాలం తగ్గిస్తే, అది ఆగిపోకుండానే గుణకారం తప్పు చేస్తుంది. ఆ తప్పుని వాడుకుని, చిప్పు లోపల భద్రంగా దాచిన తాళాలు బయటికి లాగారు. దాని తర్వాతే చాలా ల్యాప్‌టాప్‌లలో వోల్టేజీ తగ్గించే దారి మూసేశారు. మీ ల్యాప్‌టాప్ లో ఆ సెట్టింగ్ కనపడకపోతే కారణం అదే కావచ్చు, దాన్ని తెరవడానికి పాత బయోస్ లు ఎక్కించకండి. మనకి కావాల్సిన పాఠం ఏంటంటే, వోల్టేజీ చాలని చిప్పు చచ్చిపోయే ముందు అబద్ధాలు చెప్తుంది. ఆగిపోయే మిషన్ కంటే అబద్ధం చెప్పే మిషన్ ప్రమాదం.

కాబట్టి నా సలహా ఇది. సెకండ్ హ్యాండ్ పీసీ ఇంటికి రాగానే బయోస్ లోకి వెళ్ళి డిఫాల్ట్ సెట్టింగ్స్ కి తెచ్చేయండి. ముందు వాడినవాళ్ళు ఏం చేసిపెట్టారో మనకి తెలీదు. డిఫాల్ట్ లోనే తప్పులు వస్తుంటే వెంటనే తిరిగిచ్చేసే దారి చూడండి. బాగుంటే, దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చండి, చాలాసార్లు కావాల్సిన స్పీడ్ అక్కడే దొరుకుద్ది. తర్వాత కావాలంటే వోల్టేజీ ఒకేసారి కాకుండా 0.02 వోల్టుల చొప్పున తగ్గించుకుంటూ, ప్రతిసారీ రాత్రంతా పరీక్షించండి. తప్పు వచ్చిన చోటు నుంచి రెండు మెట్లు పైకి వచ్చి ఆగండి. గ్రాఫిక్స్ కార్డుకైతే పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించడం అన్నిటికంటే తేలిక, ఆటలో తేడా కంటికి తెలియదు. ముఖ్యమైన పని మధ్యలో ఉండగా ఇవేవీ ముట్టుకోకండి, ఫైళ్ళు ఇంకో చోట దాచుకున్నాకే.

పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లు కరెంటు పట్టుకుని ఉంటాయి. ఇక్కడి ఎక్స్‌టెన్షన్ కి 13 ఆంపియర్లే హద్దు, అంటే అన్నీ కలిపి 3000 వాట్లు. చలికాలం గది హీటర్ 2000, దానికి తోడు పీసీ, రైస్ కుక్కర్ ఒకే ఎక్స్‌టెన్షన్ కి పెట్టే ఇళ్ళు నేను చూశా. అలా పెట్టొద్దు. ప్లగ్ లో ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్ ది వేయండి, సిల్వర్ రేకు చుట్టే మన పాత అలవాటు ఇక్కడ తేవద్దు.

ఇదంతా ఆ తమ్ముడికి చెప్తుంటే వాడు ఒకసారి నవ్వి, "చిప్పుకి ఇన్ని జాగ్రత్తలు చెప్తున్నావ్, నువ్వేమో వారానికి ఆరు నైట్లు చేస్తున్నావ్ కదన్నా" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక టీ పెట్టా. ఇప్పుడు వాడు మాంచెస్టర్ లో ఉద్యోగంలో ఉన్నాడు. ఆ పీసీని పట్టుకుపోయాడు, ఇంకా 4.3 లోనే నడుస్తోందట.

లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఎవరైనా పాత పీసీ కొనేముందు నాకు ఫోటో పెట్టండి, చూసి చెప్తా. డబ్బులేం వద్దు. ఒక్కటే మాట, పగలు రెండింటి ముందు మాత్రం ఫోన్ చేయకండి.